దారినపోయేవాడి కామెంటు

జపానులో మురాకమి అనే ఊళ్లో టీ ఆకు అమ్ముకునే చిగుసా తన బ్లాగులో కామెంట్ల పెట్టె తెరిచింది ఒక్కడి కోసం. తొమ్మిదేళ్ల కిందట ఫోను బల్లమీదే వదిలేసి ఇల్లు విడిచిపోయిన తమ్ముడు షిగెకి కోసం. పెద్దవాడు, తన ఇష్టంతో పోయాడు, మేమేం చేస్తామని పోలీసులు చేతులు దులుపుకున్నారు. అప్పటినుంచి ఆమె వారానికో వంట రాస్తోంది. అన్నీ అమ్మ చేసినవే. ఎక్కడున్నా చదువుతాడని, ఏదో ఒకరోజు పలుకుతాడని పిచ్చి ఆశ.

పెట్టె అమర్చింది నోరియే అనే చిన్ననాటి స్నేహితురాలు. మొదటివారం వచ్చినవాళ్లంతా మర్యాదస్తులే. రెండోవారం ఒకడు దిగాడు. పేరు చెప్పడం ఇష్టంలేనివాళ్లు ఆ దేశపు బ్లాగుల్లో ‘దారినపోయేవాణ్ణి’ అని సంతకం చేస్తారు. నోటిదురుసు మనుషులకీ అదే ముసుగు.

"పోయాడంటే ఇంట్లోవాళ్లు ఏదో అనే ఉంటారు" అని రాశాడు.

అన్న మాట నిజమే. "నువ్వు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే" అని వాడు పోయే ముందురోజు అన్నది చిగుసాయే. ఆమెకు రెండు రోజులు అన్నం సహించలేదు.

"ఈ దారినపోయే దానయ్యలు నాకొద్దే. గుమ్మంలోనే ఆపెయ్" అంది ముక్కు చీదుతూ.

"ఆ పేరుతో ఏదొచ్చినా నీ కంట పడదు, సరేనా? ఇంక ఏడుపాపు, టీ పొయ్యి" అని నోరియే ఆ పేరును నిషేధించేసింది.

పేరు దాచుకుని బతికేవాడు ఏ పేరు పెట్టుకుని వస్తాడు? ఈ చిన్న విషయం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

అక్టోబరులో ఏదో సర్దుతుంటే, అలా ఆపేసిన కామెంట్ల చిట్టా నోరియే కంటపడింది. మొత్తం ఆరు. ఒక్కోదాని మొదటి ముక్క మాత్రమే మిగిలింది.

"ఏమే చిగుసా... ఒకసారి ఇలా రా."

ఐదు ఉత్త చెత్త. ఆరోది ఆగస్టులో వచ్చింది.

"అక్కా, గుమ్మడికాయ కూరలో అమ్మ అల్లం వేసేది కాదు. ఆసుపత్రిలో ఉన్నాను. ఇంక ఎక్కువ రోజుల్లేవట. నెలాఖరులోగా ఈ నంబరుకి"

అక్కడితో తెగిపోయింది.

"మిగతాది తియ్యవే! ఎక్కడో ఉంటుంది, నీ కాళ్లు పట్టుకుంటాను, తియ్యి!"

"లేదే. చెరిగిపోయిందే."

"మరి వాడు మళ్లీ రాయచ్చుగా? జవాబు రాకపోతే ఇంకోసారి రాయడూ?"

నోరియే బ్లాగు పేజీ తెరిచి, దారినపోయేవాణ్ణి అని పేరు పెట్టి, ఒక ముక్క రాసి నొక్కింది. తెరమీద రెండు వరుసలు వచ్చాయి.

‘మీ మాట అందింది, కృతజ్ఞతలు. చిగుసా స్వయంగా చదువుతారు.’

"ఆపినవాళ్లకి కూడా ఇదే వస్తుందా?" అంది చిగుసా.

"వచ్చినవాళ్ల మొహాన తలుపు వేస్తే ఏం మర్యాద, అందరికీ ఇదే కనపడనీ అని నువ్వే కదే అన్నావు."

ఆసుపత్రి మంచంమీద తమ్ముడు ఆ రెండు వరుసలూ చదువుకున్నాడు. అక్క చదివిందనుకున్నాడు. నెలాఖరు దాకా ఫోను కేసి చూస్తూ పడుకున్నాడు.