ఒంటిగూటి ఎలుక

ఎలుకలతో మాట్లాడకూడదని మా ప్రయోగశాలలో నియమం. ముఖ్యంగా ఒంటిగూటి ఎలుకతో. మిగతావి ఒకే గూట్లో ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతుంటాయి. దీనికి మాత్రం మేత, నీళ్ళు తప్ప తోడుండదు. గూళ్ళు శుభ్రం చేసే నాకేమో నోరు ఊరుకోదు. అయినా కుట్టేసుకుంటాను. ఇంట్లోనూ అదే కదా నా బతుకు.

ఇంట్లో తమ్ముడున్నాడు. ఉన్నాడంటే ఉన్నాడు, అంతే. ఎవరికీ వినిపించని గొంతులు వాడికి వినిపించేవి. మందులతో అవి సద్దుమణిగాయిగానీ వాడు గది దాటి రాడు. వాడి దగ్గర గొడవ పడొద్దని డాక్టరు చెబితే, పలకరించనే కూడదని అమ్మ పట్టుకుంది. అమ్మ పోయినా ఆ పద్ధతి పోలేదు. కంచం గడప దగ్గర పెట్టి, తలుపు తట్టి వచ్చేస్తాను. వాణ్ణి మళ్ళీ మనుషుల్లో కలుపుకోవాలని ఉంది. ఎలాగో తెలియక ఏడుపొస్తుంది.

ఓ రోజు ఒంటిగూటి ఎలుక మెదడును పలచగా కోసి, ఈ ప్రయోగం చేస్తున్న మేడమ్ సూక్ష్మదర్శినిలో చూపించింది. కరెంటు తీగకు ఉన్నట్టే నరాల పోగులకూ తొడుగు ఉంటుందట, దాన్ని వేసే కణాలు వేరే ఉంటాయట. తొడుగు పలచబడితే కబురు ఆలస్యంగా చేరుతుంది. మానసిక జబ్బుల్లో ఆ కణాల పాత్ర ఎంతో ఇంకా పూర్తిగా తేలలేదు. గుంపులోని ఎలుకకు తొడుగు మందంగా ఉంది, దీనికి పలచగా ఉంది. ఎదిగిన ఎలుకల్ని తిరిగి గుంపులో వదిలితే తొడుగు కొన్నిసార్లు మళ్ళీ మందమవుతుందని కూడా చెప్పింది.

"మనుషులకీ అంతేనా మేడమ్?"

"ఎలుక ఎలుకే, మనిషి మనిషే. తొందరపడకు."

తొందరట. మేత, నీళ్ళు, మూసిన తలుపు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తెలియలేదు.

సాయంత్రం రెండు కంచాలతో వాడి గదిలోకి వెళ్ళి నేల మీద కూర్చున్నాను. వాడు గోడవైపు తిరిగాడు. బస్సులో తోపులాట, చెప్పు తెగడం, మేడమ్ చిరాకు, నోటికొచ్చిందల్లా వాగాను. వాడి చూపు గోడ మీదే. కబురు ఆలస్యంగా చేరుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. తిన్న చెయ్యి ఎండిపోయింది. లేవబోతుంటే వాడు ఇటు తిరిగాడు.

"అక్కా, నీకూ ఎవరూ లేరా?"

వాణ్ణి బాగుచేద్దామని వచ్చినదాన్ని, కంచానికి అంటిన మెతుకులు గోటితో గీకుతూ ఉండిపోయాను. వాడు తొందరపెట్టకుండా చూస్తూ కూర్చున్నాడు.

"లేర్రా," అన్నాను చివరికి.

వాడు కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు.