వెనక షెడ్డులో మనిషి

సేవ చేయమని దేవుడు అందరికీ చెప్పాడా, ఆడవాళ్ళకేనా? పెళ్ళయిన ఏడాది నుంచీ హెర్మినా ఈ అనుమానాన్ని ప్రతి ఆదివారం చర్చికి మోసుకెళ్ళి, దించకుండానే ఇంటికి మోసుకొస్తోంది. పాపమేమోనని ఎవరినీ అడగలేదు.

ఆ మధ్యాహ్నం వృద్ధాశ్రమంలో ఓ ముసలావిడకు తల దువ్వుతుంటే ఫోను మోగింది. పిల్లల హాజరు చూసే అధికారిణి.

"మీ అమ్మాయి యొరిందె శరత్కాలపు సెలవుల తర్వాత బడి ముఖం చూడలేదండీ. ఇలాగైతే జరిమానా పడుతుంది. మీరు పని గంటలు కాస్త తగ్గించుకోలేరా?"

"మా ఆయన ఇంటి వెనక షెడ్డులోనే కిటికీలు చేస్తుంటాడు. ఆయనకు చేశారా ఫోను?"

"పనిలో ఉంటారు కదా, ఇబ్బంది పెట్టడమెందుకని..."

మరి నేనేం చేస్తున్నాననుకుంది ఈవిడ? పైకి మాత్రం, "చూస్తానండీ" అంది.

అత్తగారికి మతిమరుపు ముదిరి, పొయ్యి మీద ఖాళీ గిన్నె మాడ్చిన రోజున భర్త ఎవెర్ట్ అన్నాడు, "ఒక్కరోజు పిల్లని ఇంట్లో ఉంచు. అమ్మ దాని మాటే వింటుంది" అని. ఆ ఒక్కరోజూ వారాలైంది. సెలవులకి ముందు మళ్ళీ బడికి వెళ్తే లెక్కలు అర్థం కాలేదు, తోటిపిల్లలు నవ్వారు. పదిహేనేళ్ళ పిల్ల, ఇంక వెళ్ళనంది. ముసలివాళ్ళని పగలు చూసుకునే కేంద్రంలో చోటు లేదన్నారు మునిసిపాలిటీవాళ్ళు. పక్కింటావిడ మాత్రం, "అదృష్టవంతురాలివే! ఆమ్‌స్టర్‌డామ్ పిల్లలైతే ఫోను వదిలి నాయనమ్మకి మేజోళ్ళు తొడుగుతారా?" అంది. జరిమానా మాటకన్నా ఈ మెచ్చుకోలే హెర్మినాని ఎక్కువ భయపెట్టింది. తనని కూడా ఇలాగే మెచ్చుకుని మెచ్చుకుని ఇంటా బయటా సేవకి కట్టేశారు.

సాయంత్రం చర్చి పెద్దలిద్దరు ఏటా వచ్చే పలకరింపుకి వచ్చారు. మగవాళ్ళు మాట్లాడతారు, ఇల్లాలు కాఫీ పోస్తుంది. అది ఆనవాయితీ.

"నీ కూతురు బంగారం, ఎవెర్ట్" అన్నాడు పెద్దాయన. "ఆ పిల్లని ఈ సేవకు పిలిచినందుకు ప్రభువుకి కృతజ్ఞతలు చెప్పుకుందాం."

"ఏదో, మా పెంపకం" అని ఎవెర్ట్ తలవంచాడు.

యొరిందె నాయనమ్మ చేయి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఇప్పుడు ఆమెన్ అంటే, ఇక ఆ పిల్లని బడికి పంపడం దేవుడికి ఎదురుచెప్పడమే అవుతుంది.

హెర్మినా కాఫీ కూజా దించి, వాళ్ళ మధ్యే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ ప్రార్థన వద్దండీ."

"హెర్మినా!"

"సోమవారం నుంచి మీ అమ్మ దగ్గర నువ్వుంటావు, ఎవెర్ట్."

"మరి నా పని?"

"ఇన్నాళ్ళూ దాని చదువేమైందో, అదే."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఇది మీ ఇంటి విషయం..."

"ఇంటి విషయాలు కనుక్కోడానికేగా మీరొచ్చింది" అంది హెర్మినా, మెత్తగానే.

లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. ఆ మొదటిరోజు పొద్దున, "అమ్మా, ఉండనా, వెళ్ళనా?" అని యొరిందె అడిగినప్పుడు తను తలతిప్పుకుంది. ఆ జవాబు ఇంకా బాకీగానే ఉంది. అత్తగారి చేతిని కూతురి చేతిలోంచి నెమ్మదిగా విడిపించి, తెచ్చి ఎవెర్ట్ చేతిలో పెట్టింది.

"వెళ్ళు తల్లీ" అంది.