సందు మేస్త్రి

బాత్రూమ్ గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఉబ్బి లేచిన పలక కిందికి ఉలి దూర్చి మెల్లగా మీటాడు. పలక ఊడింది. చూడాల్సిన చోటుని వెంటనే చూడలేదు. ముందు చీపురు తీసుకుని పొట్టు ఊడ్చాడు. ఉలి మొన తుడిచాడు. ఇక చెయ్యడానికి ఏమీ లేక చూశాడు. పక్క పలక అంచు గడప రాయిని ఒరుసుకుని నుజ్జయిపోయింది. మధ్యలో గోరు పట్టేంత చోటు కూడా లేదు.

నేలకి పలకలు పరిచేవాళ్ళంతా అతన్ని సందు మేస్త్రి అంటారు. లామినేట్ పలకంటే చెక్క కాదు. చెక్కపొడిని జిగురుతో నొక్కి, పైన చెక్క బొమ్మ అతికించిన అట్ట. వానాకాలంలో గాలిలోని తడి తాగి ఉబ్బుతుంది. అప్పుడు ఒళ్ళు విరుచుకోవడానికి అన్ని అంచుల్లోనూ చిటికెనవేలంత సందు కావాలి. పైన పట్టీ వేసేస్తారు కనక ఆ సందు ఎవరికీ కనపడదు. ఇరవై రెండేళ్ళుగా అతను దాన్ని వదులుతూనే ఉన్నాడు. తొందరపెట్టిన ఇంటివాళ్ళ మాట గానీ, కొలతలు రావా అని వెక్కిరించిన వడ్రంగుల మాట గానీ చెవిన పెట్టలేదు. అతను వేసిన నేల ఒక్కటీ లేవలేదు. తన గురించి చెప్పుకోవడానికి అతనికి ఉన్నది ఆ ఒక్క మాటే. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్న గదిలో ఉత్త సిమెంటు నేల.

ఈ గుమ్మం దగ్గర మాత్రం నేల లేచింది. మూడు వారాల కిందట, వానలు పట్టుకున్న నాలుగో రోజు పొద్దున, ఇంటి పెద్దావిడ కాలు తట్టుకుని పడింది. తుంటి విరిగింది. ఆపరేషన్‌కి గుండె ఓర్చుకోదన్నారు.

"వచ్చావా?" కిటికీ పక్క మంచం మీంచి ఆవిడ గొంతు. గది మారనని మొండికేస్తే మంచాన్ని అటు జరిపారు. "నీ నేల నన్ను కుమ్మి పడేసిందయ్యా. ఆబోతు కూడా ఇంత పని చెయ్యదు."

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

పలకలు కొనడానికి వచ్చిన రోజు షాపులోనూ ఆవిడ ఇలాగే మాట్లాడింది. రాతినేల మీద నడిస్తే కీళ్ళు లాగేస్తున్నాయని తన గదికి ఈ పలకలు కావాలంది. కొడుకు నిగనిగలాడే రకం చూపిస్తుంటే, గోడవారగా నిలబడ్డ అతని వైపు తిరిగి, "వేసేది నువ్వేగా, నువ్వు చెప్పు" అంది. మెరిసేది వద్దు, తడికాలికి జారుతుందన్నాడు. మందంగా, నీటికి ఓర్చేది, అంచులకి మైనం పట్టించింది తీసుకోమన్నాడు. వేసేముందు రెండు రోజులు పెట్టెలు గదిలోనే ఉంచాలి, ఇంటి గాలి అలవాటు కావాలన్నాడు.

"మా కోడలికి కూడా అన్ని రోజులివ్వలేదు మేం" అంది ఆవిడ. కోడలు మూతి ముడిచి, తర్వాత నవ్వేసింది.

పని చివరి రోజున ఆవిడే అడిగింది: "మీ అమ్మ నిన్నేమని పిలిచేది?"

గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు పట్టింది. "చిన్నోడా అని."

"అయితే చిన్నోడా, గుమ్మంలో ఆ రేకు పట్టీ వద్దు. నా కాలికి తగులుతుంది. పలకల్నే రాయిదాకా జరిపెయ్యి."

యాభై ఆరేళ్ళవాడు. ఆ పిలుపు విన్నాక కాదనలేక సుత్తి అందుకున్నాడు. పలకల్ని రాయిదాకా జరిపేశాడు.

ఇప్పుడు నుజ్జయిన ముక్క పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళాడు. కొడుకుతో చెప్పాలని పొద్దుటినుంచీ అనుకుంటున్నాడు. కొడుకేమో పలకల కంపెనీ మోసం చేసిందని అందరితోనూ అంటున్నాడు.

"అమ్మా, ఇది పలకల తప్పు కాదు. నేనే..."

"తెలుసులే. జరపమన్నది నేనేగా." ఆవిడ గొంతు తగ్గించింది. "మావాడితో అనకు. నీ మొండితనం వల్లే పడ్డావని చచ్చేదాకా సాధిస్తాడు."

ఛాతీ మీంచి ఏదో బరువు దిగింది. ఆ తేలికదనానికి మరుక్షణమే సిగ్గుపడ్డాడు. మంచాన పడ్డ మనిషి చేత తన తప్పు మోయించి తను ఊపిరి పీల్చుకున్నాడు. చెయ్యకూడదని తెలిసిన చెయ్యి తనదే. ఆవిడ పేరెత్తకుండా తన తప్పుగానే చెబుతానని ఒప్పించాలి. కానీ అప్పటికే కోడలు అన్నం తెచ్చింది.

"తిని కాసేపు పడుకుంటాను. నువ్వు పలకలు కొట్టుకో. ఆ చప్పుడుంటే మనిషి ఉన్నట్టుంటుంది" అంది ఆవిడ.

లేచాక చెప్పాలనుకున్నాడు. పాడైన వరసలు తీసేసి కొత్త పలకలు కోశాడు. చిటికెనవేలు రాయికి ఆనించి సందు కొలిచాడు. ఒకసారి చాలక మూడుసార్లు కొలిచాడు. రబ్బరు సుత్తితో ఒక్కో దెబ్బా వేస్తుంటే నిద్రలో ఆవిడ రెప్పలు అదరడం ఓరకంట చూస్తూనే ఉన్నాడు.

నాలుగు గంటలప్పుడు రెప్పలు అదరలేదు. కావాలనే ఇంకో దెబ్బ గట్టిగా వేశాడు. సుత్తి నేల మీద చప్పుడు కాకుండా పెట్టి, లేచి, గది తలుపు దగ్గరికి వెళ్ళి కోడల్ని పిలిచాడు.

"అమ్మా, ఒకసారి ఇలా రండి."

కొడుకు పని మానుకుని వచ్చేసరికి ఆవిడని హాల్లోకి మార్చారు. నడవలో ఫోన్ పట్టుకుని నిలబడ్డ కొడుకు దగ్గరికి మేస్త్రి వెళ్ళాడు.

"బాబూ, తప్పు కంపెనీది కాదు. గుమ్మం దగ్గర సందు వదలాలి. నేను వదల్లేదు."

కొడుకు ఎర్రబడ్డ కళ్ళతో చూశాడు. "ఏం సందు?"

"పలకలు ఉబ్బితే..."

ఫోన్ మోగింది. "ఆ, మావయ్యా... ఇందాకే. నిద్రలోనే" అంటూ కొడుకు అటు తిరిగాడు. మేస్త్రి అక్కడే నిలబడ్డాడు. ఫోన్ పెట్టగానే మళ్ళీ మోగింది.

"మేస్త్రీ," కోడలు వెనకనుంచి మెల్లగా అంది, "జనం వస్తారు. ఆ గుమ్మం త్వరగా పూర్తి చెయ్యి. ఎవరైనా కాలు తట్టుకుని..." మాట మధ్యలో ఆపేసి వెళ్ళిపోయింది.

గదిలోకి వెళ్ళి సందు మీద రేకు పట్టీ బిగించడం మొదలుపెట్టాడు. మంచం ఖాళీగా ఉంది. కిటికీ గట్టు మీద, సగం నీళ్ళున్న గాజుగ్లాసులో ఆవిడ పళ్ళసెట్టు ఉండిపోయింది. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా నీళ్ళు సన్నగా వణికి, మళ్ళీ నిలకడగా అవుతున్నాయి.