సొరపాదుకి చెప్పిన అబద్ధం

పొద్దున్నే లేచి లాకు దగ్గర గేజీ చూడటం శౌరయ్య మొదటి పని. కాలవలో నీళ్ళు ఎన్నడుగులున్నాయో పుస్తకంలో రాసుకుని, డేరాకొచ్చి, స్టవ్వు మీద కాఫీ కాచుకునేవాడు. గ్లాసులు రెండూ కడిగేవాడు. ఒకదాంట్లో తను తాగి రెండోది బోర్లించేసేవాడు. ఆ రెండోది భార్య సంపూర్ణమ్మది. ఆవిడ పోయి మూడు నెలలు కావస్తున్నా కడుగుతూనే ఉన్నాడు. ఏం చేస్తాడు మరి, చేతికి అలవాటైపోయింది.

కాలవల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరంటే నెలలో సగం రోజులు క్యాంపే. మిగతావాళ్ళ భార్యలు క్యాంపు అంటేనే మూతి ముడిచేవాళ్ళు. సంపూర్ణమ్మ మాత్రం మొగుడికన్నా ముందే డేరా మూట కట్టేది. లాకుల పక్కనో, సరుగుడు తోపులోనో డేరా వేసి, మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, దారిన పోయే కుక్కలకీ మేకలకీ కూడా కలిపి వండేది. "ఇంట్లో పడుకుంటే వాసాలు కనపడతాయి, ఇక్కడైతే చుక్కలు కనపడతాయి. ఏది బావుందో మీరే చెప్పండి," అనేది.

పామర్రులో ఇంటి వెనక దొడ్డంతా ఆవిడదే. క్యాంపుకి బయల్దేరేముందు దొడ్డిలో ఒక్కొక్కరి దగ్గరా ఆగేది. "ఏమర్రా, క్యాంపుకెళ్ళొస్తాను. శనివారానికల్లా వచ్చేస్తా, అల్లరి చెయ్యకండి." మేకకి చెప్పేది, బాతులకి చెప్పేది, కనకాంబరాలకీ గోంగూరకీ చెప్పేది. అన్నిటికన్నా ముఖ్యం పందిరి మీది సొరపాదు. చెప్పకుండా వెళితే అది అలిగి పిందెలన్నీ రాల్చేసేది. "సొరపాదుకి చెప్పావా?" అని అడిగాకే శౌరయ్య ఇంటికి తాళం వేసేవాడు.

ఆగస్టులో ఆవిడకి కామెర్లొచ్చాయి. విజయవాడలో ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. పన్నెండో రోజు పామర్రు తీసుకొచ్చి సమాధుల దొడ్డిలో పెట్టారు.

ఆ సాయంత్రం వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక శౌరయ్య దొడ్డిలోకి వెళ్ళాడు. మేక గుంజ చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. సొరపాదు కొసలన్నీ గుమ్మం వైపే తిప్పుకుని ఉంది. చెప్పాల్సిన మాట నోట్లోంచి రాలేదు. శౌరయ్య అబద్ధాలాడే మనిషి కాదు, గేజీ పుస్తకంలో అంగుళం మార్చి రాయమంటే పై ఆఫీసరుతో పోట్లాడినవాడు. అలాంటివాడు ఆ రోజు, "అమ్మ క్యాంపుకెళ్ళింది," అనేశాడు. అదీ వచ్చిన చిక్కు.

మేక నమ్మి ఊరుకుంది. సొరపాదు శనివారం దాకా చూసింది. రెండో శనివారం కూడా చూసింది. ఆ తరవాత గోడ దిగి, కాలవ గట్టు పట్టుకుని, ఆవిడని వెతుక్కుంటూ బయల్దేరింది.

కూచిపూడి దాటింది. సంపూర్ణమ్మ ఎప్పుడో డేరా వేసిన ప్రతి లాకు దగ్గరా ఆగి, ఒక పూట చుట్టూ వెతికి, మళ్ళీ సాగేది. గట్టు మీద జనం తొక్కకుండా దాటేవాళ్ళు. బళ్ళవాళ్ళు ఎడ్లని పక్కకి తోలేవాళ్ళు. చల్లపల్లిలో ఎవరో మహాతల్లి "అయ్యో, సంపూర్ణమ్మగారి పాదు," అని కడివెడు నీళ్ళు కూడా పోసిందట.

ఇంటి దగ్గర దొడ్డి చూస్తున్నది సంపూర్ణమ్మ చెల్లెలు మార్త. వారం వారం కార్డు రాసేది. "బావగారూ, పాదు మోపిదేవి చేరిందట. ఇక్కడ మొదలుకి ఎన్ని బిందెలు పోసినా చాలటం లేదు. ఆకు లేదు, కాయ లేదు. ఎండిందంటే అక్క విత్తనం ఇక లేనట్టే. నేను చెబితే వినటం లేదు. మీ నోటితో మీరే నిజం చెప్పేయండి."

శౌరయ్య కార్డు మడిచి జేబులో పెట్టుకునేవాడు. నవంబరు రెండున సమాధుల పండగ. ఇంటింటివాళ్ళూ వెళ్ళి తమ సమాధులకి సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అది తప్పించుకోటానికే ఒకటో తారీకునే గవ్వలదిబ్బకి క్యాంపు వేయించుకున్నాడు. అది కాలవ చిట్టచివర, సముద్రం అంచున ఉంది. సమాధి కంటితో చూడకపోతే ఆవిడ చావనట్టే అని లోపలెక్కడో పిచ్చి ఆశ.

అక్కడ అతనికి తోడు లస్కరు బసవయ్య. లాకు తలుపులెత్తడం, దించడం అతని పని. అతనిదీ పామర్రే. ఇంట్లో భార్య రావమ్మ, పిల్లల్లేని లోటు తీర్చటానికి ఒక దూడ.

పదిహేడో తారీకు గురువారం పొద్దున శౌరయ్య రెండో గ్లాసు బోర్లిస్తుంటే బసవయ్య కేకేశాడు.

"ఇన్‌స్పెక్టరు గారూ! అమ్మగారి సొరపాదు వచ్చిందండీ!"

పులిగడ్డ దగ్గర కాలవని ఏటి మీదుగా దాటించే అక్విడక్టు గోడ పట్టుకుని వచ్చింది. దారంలా సన్నబడిపోయింది. కొసన నాలుగాకులు, ఒక నులితీగ మిగిలాయి. డేరా గుంజ పట్టుకుంది, మంచం కోడు తడిమింది, బోర్లించిన గ్లాసుని రెండుసార్లు చుట్టుకుంది. ఆవిడ లేదు. గ్లాసు వదిలి సముద్రం వైపు తిరిగింది.

"ఉప్పునీళ్ళు తగిలితే చచ్చిపోద్దండీ," అన్నాడు బసవయ్య. "చెప్పేయండి బాబూ."

"నా వల్ల కాదు బసవయ్యా."

"మరెవరు చెప్తారండీ? క్యాంపుకెళ్ళిందని చెప్పింది మీరేనాయె."

శౌరయ్య ఇసకలో పాదుకి అడ్డంగా కూలబడ్డాడు.

"అమ్మ క్యాంపుకెళ్ళలేదే," అన్నాడు. నులితీగ ఆగింది. "అమ్మ చచ్చిపోయింది. నేనే మట్టేశాను. పామర్రులో సమాధుల దొడ్డిలో ఉంది. చెప్పటం చేతకాక నీకు అబద్ధమాడాను."

ఆసుపత్రిలో రాని ఏడుపు, సమాధి దగ్గర రాని ఏడుపు, అంతా అప్పుడొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాడు. బసవయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు.

మిగతా మాటలు ఎంతవరకు అర్థమయ్యాయో గాని, దొడ్డి అన్న మాట పాదుకి తెలుసు. అది వెనక్కి తిరిగి, శౌరయ్య చూపుడువేలు చుట్టుకుని లాగింది.

"తీసుకెళ్ళండి. ఇంటి దొడ్డి తెలుసు గాని ఆ దొడ్డికి దారి దానికేం తెలుసు," అన్నాడు బసవయ్య. "గేజీ నేను చూస్తాలెండి. మీరు సోమవారం వచ్చాక నేనెళ్తాను. మా దూడకి చెప్పండి, మంగళవారం కల్లా వచ్చేస్తానని."

గ్లాసు సంచిలో వేసుకుని శౌరయ్య బయల్దేరాడు. గురువారం నడిచాడు, శుక్రవారం వానలో నడిచాడు. వేలికి పాదు అలాగే ఉంది. శనివారం పొద్దున పామర్రు చేరి, ముందు బసవయ్య ఇంటికెళ్ళి, "మంగళవారం వస్తాడట," అని దూడకి చెప్పాడు. తరవాత సమాధుల దొడ్డికి వెళ్ళాడు. మార్త కొట్టించిన సున్నం అప్పటికే వానకి కారిపోతోంది. పాదు అతని వేలు వదిలేసి సిలువని పట్టుకుంది. శౌరయ్య గ్లాసు తీసి సమాధి మీద బోర్లించాడు.

"శనివారానికల్లా వచ్చేశానే," అన్నాడు.

మధ్యాహ్నానికి గాలి ముదిరింది. పామర్రులో తాడిచెట్లు విరిగాయి, పెంకులు లేచిపోయాయి. గవ్వలదిబ్బ మీదికి మాత్రం సముద్రమే వచ్చింది.

నాలుగో రోజుకి గాని శౌరయ్య అక్కడికి చేరలేకపోయాడు. లాకు లేదు, డేరా లేదు, దిబ్బ కూడా లేదు. బసవయ్య తుమ్మచెట్టు కొమ్మల్లో దొరికాడు. గేజీ పుస్తకం గుడ్డలో చుట్టి మొలకి కట్టుకున్నాడు. శనివారం పొద్దుటి అంకె కూడా వేసి ఉంది. నేనుండాల్సిన చోట వీడున్నాడే అని శౌరయ్యకి అనిపించింది. బతికున్నన్నాళ్ళూ ఆ బాధ పోలేదు.

శుక్రవారం తిరిగొస్తూ చూస్తే సమాధి మీద పాదు పచ్చబడింది. సిలువ పక్కన ఒక తెల్ల పువ్వు పూసింది. అతను ఆగకుండా బసవయ్య ఇంటికి నడిచాడు.

రావమ్మ గుమ్మంలోనే ఉంది. "మా ఆయన ఇంకా క్యాంపులోనే ఉన్నాడాండీ?" అంది.

అవునంటే ఆ పూటకి గడిచిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. శౌరయ్య అరుగు మీద కూర్చున్నాడు.

"లేడమ్మా. బసవయ్య చనిపోయాడు. అక్కడే నా చేత్తో నిప్పు పెట్టొచ్చాను."

రావమ్మ గోడకి తల కొట్టుకుని ఏడ్చింది. శౌరయ్య ఊరుకోమనలేదు, ఏడవనిచ్చాడు. చాలాసేపటికి వెనక కొట్టంలో దూడ అరిచింది.

"మంగళవారం నుంచీ గడ్డి ముట్టటం లేదండీ," అంది రావమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "దీనికేం చెప్పమంటారు?"

"ఉన్నదున్నట్టు చెప్పాలమ్మా. లేకపోతే వెతుక్కుంటూ పోద్ది."

"నా వల్ల కాదండీ."

శౌరయ్య లేచి కొట్టంలోకి వెళ్ళాడు. మంగళవారం వస్తాడని చెప్పింది తనే కదా.