పాచికల కప్పు

ధాన్యం గోదాము పక్కనున్న కాఫీ హోటల్లో ముసలి రైతులు పొద్దున్నే చేరి తోలు కప్పులో పాచికలు గిలకరిస్తారు. తక్కువ పడ్డవాడు అందరి కాఫీకీ డబ్బులివ్వాలి. కెనడాలోని సస్కాచ్వాన్‌లో గోధుమలు పండించినవాళ్ళకు అది ఏళ్ళనాటి అలవాటు. పార్కిన్సన్స్ వచ్చి చెయ్యి వణకడం మొదలైన కొత్తలో డెల్బర్ట్‌ను ఓర్విల్ ఏడిపించేవాడు. "వీడి చేతికి కప్పు ఇస్తే చాలురా, గిలకరించే పని దానంతటదే అయిపోద్ది." డెల్బర్ట్ కూడా నవ్వేవాడు.

నెల్లాళ్ళుగా కప్పు అతన్ని దాటిపోతోంది. ఎవరూ ఏమీ అనరు. అతనికి కోపం కూడా రాలేదు. మనవరాలు పుట్టిందని ఫోనొస్తే "మంచిది" అని పెట్టేశాడు. స్నేహితులు వెలేసినందుకే మనసు మొద్దుబారిందనుకున్నాడు. వాళ్ళు మళ్ళీ కలుపుకుంటే అదే సర్దుకుంటుందని, ఆ ఒక్క ఆశతో రోజూ వెళ్ళి కూర్చునేవాడు.

ఆ రోజు అతను మాత్రలు మర్చిపోతే భార్య వెర్నా తీసుకొచ్చింది. నెల కిందట ఊళ్ళో అందరూ చూసినట్టే ఆమె కంటికింద మళ్ళీ నల్లగా కమిలి ఉంది. అందరూ తలలు దించుకున్నారు. వెర్నాకు విషయం అర్థమైంది.

"మా ఆయన తాగొచ్చి కొడుతున్నాడనుకున్నారా? నిద్రలో కొట్టాడు. కలలో దేన్నో తరుముతూ నా మీద పడతాడు. ఆ జబ్బే అంత. నన్నడగొచ్చుగా?"

ఒకరింటి సంగతి ఇంకొకరు అడగడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. ఆ దిక్కుమాలిన మర్యాదే ఇంత పని చేసింది. ఓర్విల్ మెడ ఎర్రబడింది.

"కలలో దేన్ని తరుముతావురా?" అన్నాడు చివరికి.

"నక్కని."

"దొరికిందా?"

"వెర్నా దొరికింది."

బల్లంతా గొల్లున నవ్వింది. వెర్నా కూడా నవ్వింది. ఓర్విల్ కప్పు డెల్బర్ట్ ముందుకు తోశాడు. "కానియ్. ఇవాళ నీచేత కట్టించకపోతే నా పేరు ఓర్విల్ కాదు."

డెల్బర్ట్ పాచికలు వేశాడు. అందరికన్నా తక్కువ అతనికే పడింది. స్నేహితులు బల్ల చరిచి, వీపు తట్టారు. నెల్లాళ్ళుగా కోరుకున్నది ఇదే. సంతోషం కోసం లోపల వెతుక్కున్నాడు. ఏమీ లేదు.

ఇంటికెళ్తూ కారులో వెర్నా సంబరంగా మాట్లాడుతూనే ఉంది.

"డాక్టరుకి ఫోన్ చెయ్యి," అన్నాడు డెల్బర్ట్.

"నిద్ర సంగతి చెప్పాంగా?"

"అది కాదు. వాళ్ళు నన్ను కలుపుకున్నారు, వెర్నా. నాకేమీ అనిపించలేదు. ఇదీ ఆ జబ్బేనేమో."

వెర్నా కారు పక్కకు ఆపింది.