అక్కా అని పిలిచే మొగుడు

ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆమెకు దేవుడితో పేచీ ఎప్పుడూ లేదు. రోజూ పొద్దునా రాత్రీ కళ్ళు మూసుకుని ఆయనతో రెండు ముక్కలు మాట్లాడేది. మొగుడు పరంజా మీదనుంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నాక కూడా ఆ అలవాటు మానలేదు.

మనిషైతే దక్కాడు గానీ, పెళ్ళాన్ని పోల్చుకోలేడు. స్నానం చేయిస్తుంటే "నీళ్ళు చల్లగా ఉన్నాయక్కా" అంటాడు. ముద్ద నోట్లో పెడితే "ఇంకొంచెం పెట్టక్కా" అంటాడు. మొదట్లో చాటుకు వెళ్ళి ఏడ్చేది. పోనుపోను "తిను తమ్ముడూ" అనడం అలవాటైపోయింది. ఏడవటానికైనా ఒంట్లో ఓపికుండాలి.

లాండ్రీకి ఆవిరి అందించే బాయిలర్ మనిషికి భార్య పోయి చాలా కాలమైంది. ఒకనాడు ఆమె గోడకు చేరగిలబడటం చూసి కుర్చీ జరిపాడు.

"కాసేపు కూర్చోండి. దుప్పట్లెక్కడికీ పారిపోవు."

ఆమెను కూర్చోమన్నవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు. మొదట కాళ్ళు లాగుతున్నాయని కూర్చుంది. తర్వాత అతను కాచిన టీ కోసం కూర్చుంది. ఆ తర్వాత, పొద్దున తల దువ్వుకుంటుంటేనే బాయిలర్ గది గుర్తుకు రావడం మొదలైంది. అప్పటినుంచి దేవుడి ముందు కళ్ళు మూసుకుంటే మాట పెగిలేది కాదు.

"తప్పయితే తప్పని చెప్పు" అని అడిగింది. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

అతనికి వేరే ఊళ్ళో మిల్లులో పని దొరికింది. "నువ్వూ వచ్చెయ్యి" అన్నాడు, అంతవరకూ లేని చనువుతో. "వంట నేనే చేస్తాను. నువ్వు కంటినిండా నిద్రపో."

బంగారం పెడతానన్నా ఆమె చలించేది కాదేమో. నిద్ర అనేసరికి మనసు జారింది.

ఇంట్లో అత్తగారు చిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే అడిగింది. "మంచివాడేనా?"

"ఎవరత్తయ్యా?"

"నా కంటికి పొరొచ్చింది గానీ బుద్ధికి రాలేదమ్మాయ్. వెళ్ళాలనుంటే వెళ్ళు. వాణ్ణి కన్నదాన్ని, నేను చూసుకుంటాను. దేవుడడిగితే నేనే పంపించానని చెప్తాలే."

ఆవిడ నాలుగు తిట్టి ఉంటే తేలికయ్యేది. పంతానికైనా ఏదో ఒకటి తేల్చుకునేది. ఇప్పుడు అడ్డుపడేవాళ్ళెవరూ లేరు.

ఆదివారం మధ్యాహ్నం రెండు చీరలు సంచిలో పెట్టుకుని బస్టాండుకు వెళ్ళింది. అతను కిటికీ పక్కన సీటులో రుమాలు వేసి ఉంచాడు. ఆమె బస్సు ఎక్కలేదు. కిందే కిటికీ దగ్గర నిలబడింది.

"రావా?" అన్నాడతను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"దేవుడి కోసమా? ఆ దేవుడు నీకేం చేశాడని?"

"ఏమీ చేయలేదు."

"మరి?"

"పెళ్ళినాడు ఆయన ముందు మాటిచ్చాను. ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు. నా మాట కూడా పోతే ఇక నా దగ్గరేం మిగులుతుంది?"

అన్నదేగాని, అది నిజమో కాదో ఆమెకే తెలియలేదు. అతను కోప్పడలేదు. రుమాలు తీసి మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. బస్సు కదిలాక ఆమెకు గెలిచానన్న సంతోషమేమీ కలగలేదు. ఇల్లు చాలా దూరమనిపించింది, అంతే.

"ఎక్కడికెళ్ళావక్కా, ఆకలేస్తోంది" అన్నాడు మొగుడు.

అత్తగారు సంచి వంక చూసింది. "తిరిగొచ్చావా పిచ్చిదానా" అని, కొంగుతో ముఖం తుడుచుకుంది. "వాడికి నేను పెడతాను. నువ్వెళ్ళి పడుకో."

ఆ రోజు ప్రార్థన చేసుకోకుండానే నిద్రలోకి జారిపోయింది.

తెల్లారి కళ్ళు మూసుకుని కూర్చుంటే చాలాసేపటికిగానీ మాట రాలేదు.

"నిన్న మాట్లాడలేకపోయాను. నిద్రపట్టేసింది" అని చెప్పి, పనికి బయలుదేరింది.