మద్రాసుకు వంటమనిషి

నెలకి మూడు రోజులు సత్యవేణికి సెలవు. బయట చేరినప్పుడు పెరటి వసారాలో చాప వేసుకుని కూర్చుంటుంది. ఎవరినీ తాకకూడదు, దేన్నీ ముట్టకూడదు, పొయ్యి వంక చూడనక్కర్లేదు. అత్తగారు మహాలక్ష్మమ్మ సణుక్కుంటూ వండి, విస్తరి దూరం నుంచే జరిపి పోతుంది. ఘంటసాలలో ఆ ఇంటి కోడలయ్యాక పగటిపూట ఆమె నడుం వాల్చేది ఆ మూడు రోజులే. ఇంకో సౌకర్యం కూడా ఉంది. అక్కడ కూర్చున్న మనిషికి చెవులుండవని ఇంట్లోవాళ్ళ నమ్మకం. తలుపు అవతల ఏం మాట్లాడుకున్నా గొంతు తగ్గించరు.

ఆవేళ మాటలన్నీ మరిది చిట్టిబాబు చదువు గురించి. బందరులో ఇంటరు ఎలాగో గట్టెక్కాడు. మనుషుల డాక్టరీకి మార్కులు చాలలేదు. అయితే పశువుల డాక్టరీ అన్నారు, పశువులు వద్దనలేవు గనక. కలకత్తా కాలేజీలో సీటు వచ్చింది, మద్రాసులోనూ వచ్చింది.

"కలకత్తా గొప్పది నాన్నా," అన్నాడు చిట్టిబాబు. ఆ గొప్పేమిటో వదినకి తెలుసు. అక్కడ చుట్టాలెవరూ లేరు.

"వంగదేశంలో బ్రాహ్మలే చేపలు తింటారు," అన్నాడు మామగారు వెంకట్రామయ్య. తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేసి దిగిపోయినా, ఇంట్లో మాత్రం ఇంకా తీర్పులు చెబుతూనే ఉంటాడు. "మద్రాసే ఖాయం. ఎవరు వండారో తెలియని కూడు మనవాడు తినక్కర్లేదు. వెప్పేరిలో కాలేజీ దగ్గర ఓ వాటా తీసుకుందాం. కోడలు వెళ్ళి వండిపెడుతుంది. పిల్లా జెల్లా లేనిది, ఇక్కడుండి ఉద్ధరించేదేముంది?"

కోడల్ని అడగాలని ఎవరికీ తోచలేదు. ఇత్తడి గుండిగ కూడా మద్రాసు వెళ్తుంది. దాన్ని మాత్రం ఎవరడుగుతారు?

మొగుడు సూర్యప్రకాశరావు, ఊళ్ళో బడిపంతులు, వారం కిందటే ఆ సంగతి మజ్జిగన్నంలో కలిపి చెప్పాడు. "వాడికి రెండు మెతుకులు ఉడకేసి పెడితే పోతుంది. నువ్వూ సముద్రం చూడొచ్చు." బందరు పడవెక్కితే పూట ప్రయాణం. కాపరానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆ సముద్రం చూపించినవాడు కాదు. "సముద్రం బందరులో లేదాండీ?" అంది. "నీతో మాట్లాడటం దండగ," అని చెయ్యి కడుక్కున్నాడు. జవాబు దొరకనప్పుడల్లా అతనికి మాటలు దండగవుతాయి.

లోపల అత్తగారు అందుకుంది. "గుడివాడ నుంచి మళ్ళీ కబురొచ్చింది. మొదటి పెళ్ళాం ఇంట్లో ఉంటే మా పిల్లనివ్వం అన్నారట పిల్ల తండ్రి దైవాధీనం గారు. న్యాయమేగా. చిట్టిబాబు వంకన దీన్ని మద్రాసు ఎక్కించేస్తే, తనంతట అదే వెళ్ళిందంటారు జనం. మనమీద మాట రాదు."

వంటకి పంపుతున్నారనుకుంది సత్యవేణి, పీడ వదిలించుకుంటున్నారు. రెండో పెళ్ళి మాట అతనికి తెలియకుండా ఉండదు. తెలిసే సముద్రం చూడొచ్చన్నాడు. బందరు డాక్టరమ్మ చెప్పింది అతను మరిచిపోయాడా? ముందు తనని పరీక్ష చేసి, నీలో ఏ లోపమూ లేదమ్మా, మీ ఆయన్ని పంపు అంది. ఆ తర్వాత అతన్నీ పరీక్ష చేయించి, ఇతనికి పిల్లలు పుట్టరు అని ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. తిరిగొచ్చే పడవలో అతను దణ్ణం పెట్టి ఏడ్చాడు. ఇది మన మధ్యే ఉండాలి సత్యా, మగాడి పరువు అన్నాడు. జాలిపడి సరేనంది. పడవ దిగి ఇంటికి రాగానే తల్లి అడిగితే, "దాంట్లోనే లోపంట" అన్నాడు. అప్పటినుంచీ వీధంతా తనని గొడ్రాలంటున్నా ఆ జాలి అలాగే పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు తండ్రితో వద్దనాలంటే కారణం చెప్పాలి. ఆ ధైర్యం లేక ఇంకో పిల్ల మెళ్ళో తాళి కట్టడానికి సిద్ధపడ్డాడు. అయిదేళ్ళు పోతే దాన్నీ గొడ్రాలనే అంటారు. నిజం చెప్పడం కన్నా రెండో పెళ్ళి చేసుకోవడం తేలిక అతనికి.

"మావయ్యగారూ," అంది సత్యవేణి. మామగారిని అలా పిలిచి మాట్లాడటం అదే మొదలు. "మద్రాసులో నేను బయట చేరితే ఆ మూడు రోజులూ ఎవరు వండుతారండీ?"

చేపలు ఆలోచించాడు, అద్దె ఆలోచించాడు, రైలు ఆలోచించాడు. ఆడదాన్ని పంపుతూ ఆడదన్న సంగతి ఆలోచించలేదు పెద్దమనిషి.

"హోటల్లో తింటాడు," అన్నాడు వెంకట్రామయ్య.

"మూడు రోజులు తిన్నవాడు మిగతా రోజులూ తినొచ్చు కదండీ."

చిట్టిబాబు ఫక్కున నవ్వాడు. "వదిన చెప్పింది నిజమే నాన్నా."

"నోరు లేచింది దీనికి," అంది అత్తగారు.

సూర్యప్రకాశరావు పెరట్లోకి వచ్చాడు. మైల తగలకుండా వేపచెట్టు దగ్గరే ఆగాడు. పరువు ఎలా ఉన్నా మడి కాపాడుకోవాలి కదా.

"ఏమిటా ప్రశ్నలు? వాడి చదువు చెడగొడతావా?"

"గుడివాడ పిల్ల పేరేమిటండీ?"

అతను చెట్టు బెరడు గిల్లాడు. "నాన్న పట్టుబడుతున్నారు. నేనేం చెయ్యను? నీకు తిండికీ బట్టకీ లోటు చెయ్యం."

"రానివ్వండి. నేను మద్రాసు వెళ్ళను. ఆ పిల్ల కూడా నెలనెలా ఇక్కడికే వచ్చి కూర్చుంటుంది. ఇద్దరం ఒకేసారి చేరామంటే పొద్దు పోవాలి కదా. డాక్టరమ్మ ఏమందో చెబుతాను."

"నెమ్మదిగా మాట్లాడు. నీకు దణ్ణం పెడతాను."

"పడవలోనూ పెట్టారు."

అతను లోపలికి వెళ్ళాడు. కాసేపటికి మేష్టారి గొంతు వినిపించింది. "నాన్నా, ఆలోచిస్తే కలకత్తాయే మేలు. అక్కడ పశువైద్యానికి పేరుంది. గుడివాడ సంబంధం సంగతి కూడా ఇప్పుడే వద్దు."

ఇంతే. ఇంత తేలిగ్గా తిరిగే నాలుక. ఇన్నాళ్ళూ అది తనకోసం ఒక్కసారి తిరగలేదు. బెదిరిస్తేనే న్యాయం చెప్పే మగాడి పరువు కోసమా తను గొడ్రాలు అనిపించుకున్నది? అతను బతిమాలాడని దాచింది. దాచినందుకు మెచ్చి అతనైనా ఒక పూట పొయ్యి ముట్టించాడా?

"అదేమిట్రా?" అంటోంది మహాలక్ష్మమ్మ. "ఇందాకటిదాకా బాగానే ఉన్నావుగా. వంశం నిలవాలనేగా ఇదంతా. ఎందుకు వద్దు?"

సూర్యప్రకాశరావు దగ్గాడు. మళ్ళీ దగ్గాడు.

సత్యవేణి చాప మీంచి లేచింది. ముట్టకూడని తలుపు మీద చెయ్యి వేసి, బార్లా తీసింది.

"చెప్పండి," అంది. "అత్తయ్యగారు అడుగుతున్నారు."